కోర్దోబాలో బెంచీ

పుష్పలీలకు ఆ శనివారం పొద్దున భయం వేసిందంటే తక్కువ చెప్పినట్టే. వేల్స్‌లోని కార్డిఫ్ నడిబొడ్డున, సెయింట్ జాన్స్ చర్చి గేటు ముందు పసుపు గొడుగు పట్టుకుని నిలబడింది. మార్చి నెల చలి, పైన సన్నటి తుంపర. అయినా వీపంతా చెమట. ఇంకో పది నిమిషాల్లో ఆమె పదకొండుమంది ముసలివాళ్ళను వెంటబెట్టుకుని స్పెయిన్‌లోని కోర్దోబా నగరం చూపించాలి. చూపించాల్సింది మాత్రం కార్డిఫ్ వీధుల్లోనే. అది కంపెనీ ఆచారం.

ముందు ఆ ఆచారం సంగతి చెప్పాలి. వయసు మళ్ళినవాళ్ళను కోచ్ బస్సు ఎక్కించి యూరప్ తిప్పుకొచ్చే చిన్న కంపెనీ అది. అందులో ఇరవై ఏళ్ళుగా కోర్దోబా నడక నడిపిస్తున్నది గ్లెనిస్ అనే ఆవిడ. అరవై దాటాయి, మోకాలు అరిగింది, ఇక వేరేవాళ్ళకు అప్పగించక తప్పదు. కానీ కొత్త గైడును నేరుగా స్పెయిన్ పంపడం ఆవిడకు గిట్టదు. ముందు సొంత ఊళ్ళో నడిపించి చూపించాలి. అక్కడి పెద్ద మసీదుకు బదులు ఇక్కడి కోట గోడ, మినారుకు ఈ చర్చి గోపురం, యూదుల వాడకు హై స్ట్రీట్ పక్కనున్న పాత ఆర్కేడ్, రోమన్ వంతెనకు టాఫ్ నది మీది వంతెన. మే నెల ట్రిప్పుకు పేర్లిచ్చినవాళ్ళనే పిలుస్తారు. వాళ్ళు నిజంగా అక్కడున్నట్టు అడగాలి, గైడు నిజంగా అక్కడున్నట్టు చెప్పాలి. అంతా అయ్యాక వంతెన మీద గ్లెనిస్ ఫారం తీసి సంతకం పెడుతుంది, లేదా పెట్టదు. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదే మరి.

వైకుంఠం చూపించడానికి పుష్పలీల వెనుకాడే మనిషి కాదు. తెనాలిలో జూనియర్ కాలేజీలో నాలుగేళ్ళు హిస్టరీ చెప్పింది. వెనక బెంచీ కుర్రాళ్ళు కూడా నిద్రపోకుండా చెప్పేదని పేరు. పెళ్ళయి ఈ దేశం వచ్చాక ఏడేళ్ళుగా సూపర్‌మార్కెట్ బిల్లు కౌంటర్లో కూర్చుని, పాల డబ్బాల మీది గీతలను యంత్రానికి చూపిస్తోంది. ఐదేళ్ళు సాయంత్రం క్లాసుకు వెళ్ళి స్పానిష్ నేర్చుకుంది. లైబ్రరీలో కోర్దోబా మీద ఉన్న పుస్తకాలన్నీ చదివేసింది. ఈ నడక కోసం నెల రోజులు వంటింటి బల్ల మీద ఇడ్లీ కుక్కర్‌ను మసీదు చేసి, పప్పుల డబ్బాలను వాడలు చేసి, ఆరేళ్ళ కూతురు స్రవంతిని టూరిస్టును చేసి వల్లె వేసింది. ఆ పిల్ల యూదుల వాడలోంచి తన కార్న్‌ఫ్లేక్స్ ఎప్పుడు తీసుకోవచ్చో ఇంగ్లీషులో మర్యాదగా అడిగేది.

ఆమె భయమల్లా ఒక్కదానికే. ఆమె కోర్దోబా ఎన్నడూ చూడలేదు. చూశానని, చూడటమే కాదు రెండేళ్ళు అక్కడ గుంపులను తిప్పానని ఆమె సీవీలో ఉంది.

అది రాసింది మొగుడు. భానుప్రకాష్ దుర్మార్గుడేం కాదు, పాపం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నెమ్మదస్తుడు, గిన్నెలు కడిగిపెడతాడు, కూతురికి జడ కూడా వేస్తాడు. సోమవారాలు పొద్దున మాత్రం టిఫిన్ ముట్టడు, గ్యాస్ అంటాడు. అయితే తొంభైల చివర అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి విమానం ఎక్కిన తరం వాడు. ఆ తరానికి సీవీ అంటే పులిహోర లాంటిది, పోపు పడాల్సిందే. లేని రెండేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ చేర్చడం వాళ్ళ లెక్కలో అబద్ధం కాదు, మర్యాద. ఒక ఆదివారం మధ్యాహ్నం పెళ్ళాం సీవీ టైపు చేస్తూ, పేజీ సగం ఖాళీగా ఉండటం చూసి జాలిపడ్డాడు. 2003 నుంచి 2005 దాకా కోర్దోబాలో గైడ్ అని చేర్చాడు. ఎవరైనా ఫోన్ చేస్తే చెప్పడానికి వాట్‌ఫర్డ్‌లో సుబ్బరాజు ఉండనే ఉన్నాడు. ఆయన ఇంటి అడ్రసు మీద ఒక కంపెనీ ఉంది. అందులో ఇప్పటిదాకా ఎంతమంది మనవాళ్ళు 'పనిచేశారో' ఆయనకే గుర్తుండదు.

ఇది తప్పు కదండీ అని పుష్పలీల అనకపోలేదు.

"ఎక్స్‌పీరియెన్స్ లేందే ఎవడూ ఉద్యోగం ఇవ్వడు, ఉద్యోగం లేందే ఎక్స్‌పీరియెన్స్ రాదు," అన్నాడు భానుప్రకాష్. "ఎక్కడో ఒకచోట మొదలెట్టాలిగా, లీలా. అందరూ చేసేదే."

ఆమె నోరు మూసుకుంది. మొగుడు చెప్పాడని మూసుకుందని అనుకుంటే పొరపాటు. ఆ ఉద్యోగం ఆమెకు కావాలి. ఏడేళ్ళుగా ఏదీ అంతగా కావాలనిపించలేదు.

గ్లెనిస్ చేతికర్ర ఊతంగా పట్టుకుని వచ్చింది. చంకలో ఫారాలు బిగించిన అట్ట. పలకరింపు అయీ కాకముందే, కోర్దోబాలో ఉన్నప్పుడు ఎక్కడ ఉండేదానివని అడిగింది. పుష్పలీల గుండెల్లో రాయి పడింది. రైల్వే స్టేషన్ దగ్గర అంది. స్టేషన్‌కు ఏ వైపు అని అడిగేలోపు ముసలివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరడంతో బతికిపోయింది. కానీ గ్లెనిస్ కళ్ళు మాత్రం కాసేపు ఆమె మొహం మీదే ఉన్నాయి.

వచ్చినవాళ్ళలో ఇద్దరు భార్యాభర్తలు. ఆయన పేరు ఇద్రిస్. గుంటూరులో ఆ పేరున్నవాడు సాయిబు. ఇక్కడ ఈయన గని పనిచేసి రిటైరైన వేల్స్ ముసలాయన, డెబ్బై ఎనిమిదేళ్ళు. భార్య ఓల్వెన్ పిడికెడంత మనిషి, మొగుడి మోచేయి వదలదు. శరత్కాలంలో ఆయన గుండెకు ఆపరేషన్ అయిందని, ఆ తరవాత ఇదే మొదటి ప్రయాణమని వస్తూనే చెప్పింది.

పుష్పలీల గొడుగు పైకెత్తి మొదలుపెట్టింది. మొదటి రెండు వాక్యాలు వణికాయి. కోట గోడ దగ్గరికి వచ్చేసరికి గొంతు దారిలో పడింది. ఇది గోడ కాదు, లోపల ఎనిమిది వందలకు పైగా స్తంభాలున్న పెద్ద మసీదు అని చెప్పింది. ఎర్ర ఇటుక, తెల్ల రాయి కలిపి కట్టిన కమానులు, కొబ్బరితోటలో నిలబడి పైకి చూసినట్టు ఉంటాయంది. ఆ తోట మధ్యలో తరవాతి రాజులు చర్చి కట్టారనీ, ఒకే కప్పు కింద ఇద్దరు దేవుళ్ళు సర్దుకున్నారనీ చెప్పింది. సందులో యూదు పండితుడు, మసీదులో అరబ్బు వైద్యుడు, వంతెన అవతల క్రైస్తవ తోటమాలి ఒకే నది నీళ్ళు తాగినట్టు వర్ణించింది. అందరూ తలెత్తి కార్డిఫ్ కోట గోడను చూశారు. తుంపర సంగతి మరిచిపోయారు. ఆ మూడు నిమిషాలూ ఆమె కూడా భయం మరిచిపోయింది.

తరవాత ప్రశ్నలు మొదలయ్యాయి. పుష్పలీల రాజుల పేర్లు, సంవత్సరాలు, శాసనాలు అన్నీ కొంగున కట్టుకుని వచ్చింది. ఒక్కరూ రాజు పేరు అడగలేదు. మరుగుదొడ్డి ఎక్కడ, అందులోకి మెట్లున్నాయా అని ఒకావిడ అడిగింది. పన్నెండు గంటలకు ఏ వైపు నీడ పడుతుంది అని ఇంకొకాయన. గులకరాళ్ళ దారి మీద చేతికర్ర జారుతుందా అని మూడో మనిషి. ఇవేవీ ఏ పుస్తకంలోనూ లేవు. ఒకదానికి నవ్వింది, ఒకదానికి ముందుకు వెళ్ళాక చెబుతానంది, ఒకదానికి జాగ్రత్తగా నడిస్తే చాలంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ప్రతి ప్రశ్నకూ గ్లెనిస్ వైపు చూసేది. గ్లెనిస్ ఏదో రాసుకుంటూనే ఉంది.

ఆర్కేడ్‌లోకి తిరిగారు. పైన గాజు కప్పు, రెండు వైపులా బుల్లి దుకాణాలు, వాటి మధ్య ఇరుకు దారి. ఇదే యూదుల వాడ అని పుష్పలీల చెబుతుండగా ఓల్వెన్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఆ సందు చివర కూర్చోవడానికి బెంచీ ఉందా?"

తెలియదు అనడానికి ఒక్క మాట చాలు. కానీ రెండేళ్ళు ఆ సందులో తిరిగిన మనిషికి బెంచీ తెలియకుండా ఎలా ఉంటుంది? గ్లెనిస్ రెండడుగుల దూరంలో నిలబడి ఉంది.

"ఉంది," అంది పుష్పలీల.

"ఎక్కడ?"

"సందు దాటగానే చిన్న చౌక్ వస్తుంది. అక్కడ నారింజ చెట్టు కింద. నీడగా ఉంటుంది."

బెంచీ అడిగితే చెట్టు కూడా నాటి ఇచ్చింది. అబద్ధానికి ఆకలెక్కువ, ఒకదానితో ఊరుకోదు.

ఓల్వెన్ సంచిలోంచి చిన్న డైరీ తీసి, పెన్సిల్‌తో నెమ్మదిగా రాసుకుంది. చౌక్, నారింజ చెట్టు, బెంచీ. రాసి, చేతి తొడుగు విప్పి పుష్పలీల వేళ్ళు పట్టుకుంది.

"కాస్త నడవగానే కూర్చోబెట్టమన్నాడు డాక్టరు. మూడు వారాలుగా ఇదే బెంగ. తెలియని ఊళ్ళో నడిసందులో ఈయన ఆగిపోతే ఏం చెయ్యాలి? ఈ ప్రయాణం మానేద్దామనే అనుకున్నాం. ఇక వస్తాం."

ఆ చేయి వెచ్చగా ఉంది. పుష్పలీలకు ఒళ్ళంతా చల్లబడింది.

అప్పటిదాకా ఆమె భయం దొరికిపోతానని. ఆ క్షణం నుంచి దొరకనేమోనని భయం పట్టుకుంది. దొరక్కపోతే గ్లెనిస్ సంతకం పెడుతుంది. పెడితే మే నెలలో, ఎండ నిప్పులు చెరిగే ఊళ్ళో, ఈ ముసలాయన తన గొడుగు వెనకే నడుస్తాడు. సందు చివరికి వస్తాడు. అక్కడ ఓల్వెన్ డైరీ పట్టుకుని చెట్టు కోసం చూస్తుంది. ఆయన పెదాలు నల్లబడుతుంటే ఇటు చూస్తుంది, అటు చూస్తుంది, చివరికి తన మొహం చూస్తుంది. పుష్పలీల చూడని కోర్దోబాలో ఇదొక్కటే కళ్ళకు కట్టినట్టు కనిపించింది. మసీదు స్తంభాలు కూడా అంత స్పష్టంగా ఎన్నడూ కనబడలేదు.

కోట పక్క రోడ్డు వెంట నది వైపు నడిచారు. గోడ మీద రాతి సింహాలు, ఎలుగుబంట్లు ఎక్కుతున్నట్టు కూర్చుని ఉన్నాయి. ఆమె నోరు తన పని తాను చేసుకుపోతోంది. రోమన్లు, పదహారు కమానులు, అవతలి ఒడ్డున కాపలా బురుజు. మనసు మాత్రం వెనకాల నడుస్తున్న ఇద్రిస్ బూట్ల చప్పుడు లెక్కపెడుతోంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా ఆమె గుండె ఆగుతోంది. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆమె పరిస్థితి. నొప్పి తెలుస్తోంది, అరవడానికి లేదు.

వంతెన మధ్యకు వచ్చేసరికి ఇద్రిస్ గోడను ఆనుకుని నిలబడిపోయాడు. మొహం పాలిపోయింది. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. అందరూ చుట్టూ చేరితే ఓల్వెన్ చేత్తో వారించింది.

"ఏం లేదు, ఒక్క నిమిషం. ఇక్కడంటే కూర్చోవడానికి లేదు కానీ, అక్కడ బెంచీ ఉంది."

గ్లెనిస్ అప్పటికే అట్ట తిప్పి, సంతకం పెట్టే చోట వేలు పెట్టి, పెన్ను మూత తీసింది. బాగా చెప్పావు అంది. ఈ మాట కోసమే పుష్పలీల నెల రోజులు ఇడ్లీ కుక్కర్ చుట్టూ తిరిగింది. ఊరుకుంటే చాలు, ఉద్యోగం తనది. గొడుగు మూసింది, మళ్ళీ తెరిచింది. బస్సొకటి నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది.

"ఓల్వెన్, ఆ బెంచీ కొట్టేయండి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"మీ డైరీలోది. కొట్టేయండి. అక్కడ బెంచీ ఉందో లేదో నాకు తెలియదు. చెట్టు కూడా. నేను కోర్దోబా ఎప్పుడూ వెళ్ళలేదు."

చెప్పేసి వంతెన గోడ పట్టుకుంది. ఓల్వెన్ డైరీ తెరిచి ఆ పేజీ చూసింది. పుష్పలీలను చూసింది. విప్పిన చేతి తొడుగు మళ్ళీ వేసుకుంది. ఎన్ని తిట్లు తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

గ్లెనిస్ పెన్ను మూత పెట్టింది.

"ఆ చౌక్‌లో బెంచీ లేదు. చెట్టూ లేదు. నువ్వు ఆ మాట అన్నప్పుడే నాకు తెలిసింది," అంది. "వంతెన దిగేలోపు చెబుతావో లేదో చూద్దామనే ఊరుకున్నాను, పెన్ను కూడా అందుకే తీశాను. చెప్పకపోతే నేనే చెప్పేదాన్ని, వీళ్ళందరి ముందూ."

తరవాత ఓల్వెన్ వైపు తిరిగింది. సందు మలుపులో ఒక మందుల షాపు ఉందని, అందులోకి వెళ్ళి స్పానిష్‌లో అడిగితే షాపాయన కుర్చీ తెచ్చి గుమ్మంలో వేస్తాడని, ఇరవై ఏళ్ళుగా తను అలాగే అడుగుతోందని చెప్పింది. ఓల్వెన్ బెంచీని కొట్టేసి కుర్చీ అని రాసుకుంది. పుష్పలీల వైపు మాత్రం చూడలేదు.

మిగతావాళ్ళు టీ తాగడానికి వెళ్ళాక గ్లెనిస్ సీవీ తీసి, 2003 నుంచి 2005 దాకా అన్న లైను మీద అడ్డంగా గీత గీసింది. వాట్‌ఫర్డ్ నుంచి నీ గురించి గొప్పగా చెప్పిన ఆయన ఎవరని అడిగింది. మా ఆయన స్నేహితుడు అని పుష్పలీల చెప్పింది. నిజం కూడా అబద్ధం లాంటిదే, ఒకటి చెబితే రెండోది దాని వెనకే వస్తుంది.

"సంతకం పెట్టను," అంది గ్లెనిస్. "ఆఫీసులో జరిగింది జరిగినట్టు చెబుతాను. వాళ్ళు వద్దంటే నేను చెయ్యగలిగింది లేదు. సరే అంటే మాత్రం మే నెలలో నా మోకాలు ఇంకొక్కసారి ఈడ్చుకొస్తాను. నువ్వు గుంపులో అందరికంటే చివర నడవాలి. ఒక్క మాట మాట్లాడకూడదు. ఎవరు ఎక్కడ అలిసిపోయారో, ఎక్కడ కూర్చున్నారో రాసుకోవాలి. రాజుల సంగతులు నీకు వచ్చు. నేర్చుకోవాల్సింది అది."

ఇంటికి వెళ్ళే బస్సులో పుష్పలీలకు కొత్త భయం మొదలైంది. సుబ్బరాజు గుట్టు బయటపెట్టేసింది. ఆ సుబ్బరాజు కంపెనీ ఇచ్చిన దొంగ ఎక్స్‌పీరియెన్స్ కాగితమే భానుప్రకాష్ మొదటి ఉద్యోగం ఫైల్లోనూ ఉంది. కోపం రాని మనిషికి కోపం వస్తే ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ఏడేళ్ళలో చూడలేదు.

నాలుగు గంటలైంది. భానుప్రకాష్ వంటింట్లో పకోడీలు వేస్తున్నాడు, నెగ్గి వస్తుందని. ముందు గదిలో స్రవంతి టీవీ చూస్తోంది. సంతకం పెట్టిందా అని నవ్వుతూ అడిగాడు. పుష్పలీల కోటు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పింది. బెంచీ, డైరీ, వంతెన, సుబ్బరాజు.

చిల్లుల గరిటె అతని చేతిలో అలాగే ఉండిపోయింది. పకోడీలు నల్లబడుతుంటే పొయ్యి కట్టేశాడు. కుర్చీలో కూలబడ్డాడు. ఆమె తిట్ల కోసం ఎదురుచూసింది. రాలేదు.

"మిల్టన్ కీన్స్ ఆఫీసులో నా మొదటి రోజు నీకెప్పుడూ చెప్పలేదు కదూ," అన్నాడు. "నువ్వు రెండేళ్ళు చేశావుగా, ఇది చూసి పెట్టు అని మేనేజర్ ఒక ప్రోగ్రామ్ ఇచ్చాడు. అది ఏంటో కూడా తెలీదు నాకు. పోయి బాత్‌రూమ్‌లో తలుపేసుకుని కూర్చున్నా, లంచ్ దాకా. ఏడ్చాను లీలా."

తరవాత పని నేర్చుకున్నాడు. ఇప్పుడు అతనే నలుగురికి నేర్పుతాడు. అయినా మేనేజర్ ఒక్క నిమిషం ఇలా రా అంటే ఈనాటికీ పై ప్రాణాలు పైనే పోతాయన్నాడు. ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పడం మొదలవుతుందన్నాడు. ఎనిమిదేళ్ళుగా.

ముట్టని సోమవారం టిఫిన్లన్నీ పుష్పలీల కళ్ళముందు తిరిగాయి. గ్యాస్ అంటే నమ్మింది. వాము నీళ్ళు కాచి ఇచ్చింది. పక్కన పడుకున్న మనిషి ఎనిమిదేళ్ళుగా భయపడుతున్నాడని ఆమెకు తెలియలేదు. అతని మీద కోపం తెచ్చుకోవాలని చూసింది కానీ చేతకాలేదు, ఏడుపొచ్చింది. తను ఆ భయాన్ని మోసింది ఒక నెల, అదీ వంతెన దాకా.

భానుప్రకాష్ చేతులకంటిన శనగపిండి గోళ్ళతో గీక్కుంటున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ముందు ఏ మాటన్నావ్? నిజం చెప్పడం ఎలా మొదలెట్టావ్?"

పుష్పలీల కోటు విప్పి, కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.